పండగ భోజనాల టేబుల్ మీదికి పిల్లలతో థాంక్యూ చెట్టు: ఒరిగిపోకుండా, మొక్కుబడి రాతలు లేకుండా చేయించడం ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా: పండగ రోజు పన్నెండు మంది కలిసి భోంచేస్తారు. టేబుల్ మధ్యలో పెట్టడానికి 4, 7, 10 ఏళ్ల పిల్లలతో థాంక్యూ చెట్టు, అంటే ఎవరికి ఎందుకు థాంక్స్ చెప్పాలో కాగితం ఆకుల మీద రాసి ఎండుకొమ్మలకు వేలాడదీసే చెట్టు, చేయించాలి. కిందటిసారి గాజు గ్లాసులో కొమ్మలు గుచ్చితే వడ్డన సగంలో ఉండగా ఒరిగిపోయింది. ఆకుల మీదేమో ముగ్గురూ "అమ్మ, నాన్న, బొమ్మలు" అని రాసేసి లేచిపోయారు. ఈసారి అలా కాకూడదు.

చెట్టు నిలబెట్టే పని మీరు చేయండి, ఆకుల పని మొత్తం పిల్లలకు వదిలేయండి. బరువైన పొట్టి కుండీ, అందులో ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో బిగించిన ఎండుకొమ్మలు, కుండీతో కలిపి మొత్తం ఎత్తు 35 సెం.మీ.లోపు. ఆకులకు 160 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత) మధ్య ఉండే లేతరంగు కాగితం. రాయించేటప్పుడు "నీకు ఏవి ఇష్టం?" అని కాకుండా "నీ కోసం ఎవరు ఏం చేశారు?" అని అడగండి. పండగకు మూడు రోజుల ముందు మొదలుపెట్టండి. పండగ నాడు పొద్దున్నే మొదలుపెడితే ఇందులో ఏదీ కుదరదు.

ముందు ఒరిగిపోవడం సంగతి చూద్దాం. చాలామంది ఆకుల బరువుకు పడిందనుకుంటారు. 180 జీఎస్ఎం కాగితంలో 7 × 5 సెం.మీ. ఆకు అర గ్రాము కూడా తూగదు. ముప్పై ఆరు ఆకులు, వాటి దారాలు అన్నీ కలిపినా 20 గ్రాముల చుట్టూ ఉంటాయి. ఆ బరువుకు ఏ గ్లాసూ పడదు. అసలు పడేసేవి వేరు: ఆకు మీద ఏముందో చదవాలని ఎవరో కొమ్మను తనవైపు వంచడం, టేబుల్ క్లాత్ అంచు పిల్లల చేతికి చిక్కడం, కొమ్మలన్నీ ఒకే వైపుకు వంగి ఉండటం. అంటే చెట్టు తట్టుకోవాల్సింది ఆకులను కాదు, చేతులను. అందుకే కింద కనీసం కిలో బరువు, ఎత్తులో మూడోవంతుకు తగ్గని అడుగు వెడల్పు ఉండాలి. 35 సెం.మీ. చెట్టుకు 12 నుంచి 14 సెం.మీ. అడుగున్న కుండీ సరిపోతుంది. ఉత్త గులకరాళ్లు పోసి కొమ్మలు గుచ్చితే చూడ్డానికి గట్టిగానే అనిపిస్తుంది కానీ, పక్కకు లాగినప్పుడు రాళ్లు జరిగి కొమ్మ తిరిగిపోతుంది.

ఎత్తుకు ఇంకో కారణం కూడా ఉంది. కుర్చీలో కూర్చున్న పెద్దవాళ్ల కళ్లు టేబుల్ పైనుంచి సుమారు 40–45 సెం.మీ. ఎత్తులో ఉంటాయి. చెట్టు అంతకన్నా పెరిగితే ఎదురుగా ఉన్నవాళ్లు కనబడరు. ఇక భోజనం మొదలైన ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు దాన్ని తీసి గోడ పక్కన పెట్టేస్తారు. వెడల్పు కూడా కొలుచుకోండి. 90 సెం.మీ. టేబుల్ మీద రెండు వైపులా కంచాలు, గ్లాసులు చెరో 35 సెం.మీ. ఆక్రమిస్తే మధ్యలో మిగిలేది 20 సెం.మీ. మాత్రమే. కొమ్మలు గిన్నెల మీదుగా కొంచెం బయటికి చాచినా ఫర్వాలేదు గానీ, అన్నిటికన్నా కిందున్న ఆకు టేబుల్‌కు 15 సెం.మీ. పైన ఉండాలి. లేకపోతే గరిటె తీసిన ప్రతిసారీ ఆకు తడుస్తుంది.

దిమ్మ పోసే పద్ధతి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌ను నేరుగా అందమైన కుండీలో పోయకండి, గాజుదానిలో అసలే వద్దు. గట్టిపడేటప్పుడు ప్లాస్టర్ వేడెక్కుతుంది, కాస్త ఉబ్బుతుంది, గాజు పగలొచ్చు. 8 సెం.మీ. వెడల్పు, 8 సెం.మీ. లోతు ఉన్న ఖాళీ డబ్బాలోనో గట్టి పేపర్ కప్పులోనో పోయండి. తర్వాత ఆ డబ్బాను కుండీలో దించి చుట్టూ రాళ్లు పేర్చండి. 200 మి.లీ. నీళ్లకు అదే కొలతలో రెండింతలు, అంటే 400 మి.లీ. పొడి. నీళ్లలో పొడి చల్లాలి, పొడిలో నీళ్లు పోయకూడదు. పోస్తే అడుగున ఉండలు మిగిలిపోతాయి. ఒక నిమిషం ఆగి నెమ్మదిగా కలిపితే డబ్బాలో 7 సెం.మీ. లోతు వరకు వచ్చే ముద్ద తయారవుతుంది.

పోసిన వెంటనే కొమ్మలు గుచ్చితే తేలి పక్కకు వాలిపోతాయి. కొన్ని నిమిషాలు ఆగి, గరిటజారుగా చిక్కబడ్డాక గుచ్చండి. అప్పటికే కొమ్మల మొదళ్లను దారంతో కట్టగా కట్టి ఉంచుకోవాలి. గుచ్చాక డబ్బా మూతి మీద రెండు టేపు ముక్కలు అడ్డంగా, నిలువుగా అంటిస్తే కొమ్మలు నిటారుగా నిలుస్తాయి. అరగంటలో గట్టిపడుతుంది. కానీ లోపలి తేమ పోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. మూడు రోజుల ముందు మొదలుపెట్టమన్నది అందుకే. తడి దిమ్మను చెక్క టేబుల్ మీద పెడితే మచ్చ పడుతుంది, కుండీ కింద ఎలాగూ అట్టముక్క వేయండి.

ఇది పిల్లలు చేయాల్సిన పని కాదు. పొడి గాలిలో లేస్తుంది, మీరు కూడా మాస్కు కట్టుకోండి. గట్టిపడుతున్న ప్లాస్టర్ ముద్ద 60 డిగ్రీల దాకా వేడెక్కగలదు. చేతి అచ్చు తీద్దామని అందులో వేళ్లు ముంచితే తీవ్రంగా కాలే ప్రమాదం ఉంది. మిగిలిన ముద్దను సింకులో పోయకండి, అది నీళ్లలో కూడా గట్టిపడి పైపును మూసేస్తుంది. గిన్నెలోనే ఎండనిచ్చి పెచ్చులుగా చెత్తబుట్టలో వేయండి.

ప్లాస్టర్ తలనొప్పి వద్దనుకుంటే, పిడికెడు కన్నా కొంచెం పెద్ద మోడలింగ్ క్లే ముద్దను, సుమారు 400 గ్రాములు, కుండీ అడుగున అదిమి, కొమ్మలను 4 సెం.మీ. లోతుకు గుచ్చి, పైన బరువైన రాళ్లు నింపండి. ఒక్క భోజనానికి అది చాలు. కొమ్మ వంకరగా ఉంటే తీసి మళ్లీ గుచ్చుకోవచ్చు, ఏడేళ్ల పిల్ల కూడా చేయగలదు. నూనె కలిపిన క్లే అయితే వేడికి మెత్తబడుతుంది, కిటికీ పక్కన ఎండలో పెట్టకండి.

కొమ్మల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. రాలిపడిన ఎండువి, మొదట్లో పెన్సిల్ లావు, 30–32 సెం.మీ. పొడవు, పక్క రెమ్మలు ఎక్కువగా ఉన్నవి ఐదారు చాలు. పచ్చి కొమ్మ బాగుంటుందనిపిస్తుంది కానీ, ఎండేకొద్దీ సన్నబడి ప్లాస్టర్ కన్నంలో వదులవుతుంది. తెచ్చినవాటిని నేలకేసి దులిపి, ఎండలో రెండు రోజులు పెడితే పురుగులు పోతాయి. పాలు కారే చెట్ల కొమ్మలు వద్దు. గన్నేరు అసలు వద్దు, దానిలో ప్రతి భాగమూ విషమే. రెమ్మల కొసలు పిల్లల కంటి ఎత్తులో ఉంటాయి కాబట్టి, సూదిగా ఉన్న ప్రతి కొసనూ కత్తిరించి మొండి చేయండి.

ఇక ఆకులు. పన్నెండు మందికి తలా రెండు, అంటే ఇరవై నాలుగు. పాడయ్యేవాటికి, "నాకు ఇంకోటి" అనేవాళ్లకు మరో పన్నెండు. ఏ4 కాగితంలో 7 × 5 సెం.మీ. ఆకులు హాయిగా పన్నెండు వస్తాయి కాబట్టి మూడు షీట్లు చాలు. మామూలు జిరాక్స్ కాగితం 70–80 జీఎస్ఎం ఉంటుంది, స్కెచ్ పెన్ తడికే ముడుచుకుంటుంది. 250 దాటిన అట్ట పిల్లల కత్తెరకు లొంగదు. పసుపు, లేత నారింజ, లేత ఆకుపచ్చ రంగులు ఎంచుకోండి. ముదురు ఎరుపు, గోధుమరంగు ఆకులు దుకాణంలో అందంగా కనిపిస్తాయి, సాయంత్రం వెలుతురులో వాటి మీది అక్షరం ఒక్కటీ చదవలేరు.

పాత బిస్కెట్ డబ్బా అట్టతో ఒక్క ఆకు అచ్చు కోసుకుంటే పెద్ద పిల్లాడు దాన్ని పెట్టి గీసేస్తాడు. వయసును బట్టి పని ఇలా పంచవచ్చు. పదేళ్లవాడు గీయడం, కత్తిరించడం. ఏడేళ్ల పిల్ల కత్తిరించడం, పంచ్‌తో కన్నాలు వేయడం. నాలుగేళ్ల బిడ్డ వంపు గీత మీద కత్తిరించలేదు, కాబట్టి తనకు ముందే కోసిన 10 × 8 సెం.మీ. పెద్ద ఆకులు ఇచ్చి, అంచుల చుట్టూ చిన్న చిన్న గాట్లు పెట్టమనండి. ఒక్క నొక్కుతో అయిపోయే గాటు ఆ వయసుకు సరిగ్గా సరిపోతుంది, ఆకు అంచు కూడా నిజంగా రంపపు పళ్లలా వస్తుంది. తన చెయ్యి చుట్టూ గీసి కోసిన అరచేతి ఆకులు కూడా బాగుంటాయి.

పిల్లల్లో ఎడమచేతివాటం వాళ్లుంటే వాళ్లకు ఎడమచేతి కత్తెరే ఇవ్వండి. కుడిచేతి కత్తెరను ఎడమ చేత్తో పట్టుకుంటే వేళ్ల ఒత్తిడికి రెండు అలుగులూ దూరం జరిగి, కాగితం తెగకుండా మధ్యలో మడతపడుతుంది. దాన్ని చూసి "నీకు కత్తిరించడం రాదు" అనేస్తారు పెద్దవాళ్లు. లోపం కత్తెరది.

కన్నం ముందు, రాత తర్వాత. రాసిన ఆకుకు కన్నం వేస్తే సరిగ్గా పేరు మీదే పడుతుంది. కన్నం అంచుకు ఆకు అంచుకు మధ్య కనీసం అర సెంటీమీటరు ఉండాలి, అంతకన్నా దగ్గరైతే మొదటి లాగుకే చిరుగుతుంది. చిన్నపిల్లల ఆకులకు వెనక టేపు ముక్క అంటించి ఆ మీద కన్నం వేయండి.

దారానికి ముడులు నేర్పే ప్రయత్నం చేయకండి, సగం సమయం అక్కడే పోతుంది. 15 సెం.మీ. నూలు దారం రెండు కొసలూ కలిపి మీరే ముందుగా ముడి వేసి ఉంచండి. పిల్లలు ఆ ఉచ్చు మడతను కన్నంలో దూర్చి, ముడి ఉన్న కొసను ఆ మడతలోంచి తీసి లాగితే చాలు, బిగుసుకుంటుంది. మిగిలిన ఉచ్చును రెమ్మ చీలిక మీద వేస్తే ఫ్యాన్ గాలికి కూడా జారదు. మెరిసే జరీ దారం, నైలాన్ దారం జారిపోతాయి, మామూలు నూలే మేలు. ఒక్క కన్నంతో వేలాడే ఆకు గిరగిరా తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఒక వైపు రాత, రెండో వైపు బొమ్మ ఉంటే ఎటు తిరిగినా ఖాళీగా కనిపించదు.

పిల్లలు ఆకులన్నీ తమకు అందిన వైపే, ఒకే కొమ్మకు తగిలిస్తారు. ప్రతి నాలుగైదు ఆకులకు కుండీని పావు వంతు తిప్పండి. వాళ్లు తగిలించినవాటిని తర్వాత రహస్యంగా సర్దకండి, కనిపెడతారు.

రాయడానికి సన్న మొన స్కెచ్ పెన్ లేదా మెత్తటి పెన్సిల్. జెల్ పెన్ ఆరడానికి సమయం పడుతుంది, చెయ్యి తగిలి అలుక్కుపోతుంది. పర్మనెంట్ మార్కర్ వెనక్కి దిగి బొమ్మను పాడుచేస్తుంది. జిగురు అవసరమే లేదు ఇందులో. ఏదైనా అతికించాలని పట్టుబడితే గ్లూ స్టిక్ ఇవ్వండి, తెల్ల జిగురు తడికి ఆకు గిన్నెలా వంగిపోతుంది. గ్లూ గన్ వైపు వెళ్లకండి. తక్కువ వేడిది అని అమ్మేదానిలోంచి వచ్చే జిగురు కూడా 120 డిగ్రీల దగ్గర ఉంటుంది.

ఇప్పుడు అసలు కష్టమైన భాగం. కాగితం పని ఎవరైనా నేర్పగలరు. "అమ్మ, నాన్న, బొమ్మలు" దగ్గర ఆగిపోవడానికి కారణం పిల్లల బద్ధకం కాదు, ప్రశ్న అలాంటిది. "నువ్వు దేనికి థాంక్స్ చెప్పాలనుకుంటున్నావ్?" అంటే ఏడేళ్ల బుర్రకు అది పరీక్షలో ప్రశ్నలా వినిపిస్తుంది. తప్పు కాని జవాబు ఏదో వెతికి రాసేస్తారు.

పనిని అడగండి, మనిషిని అడగండి. "ఈ వారంలో నువ్వు అడక్కుండానే నీకు ఎవరు సాయం చేశారు?" "నీ వస్తువు ఏదైనా పాడైతే ఎవరు బాగుచేశారు?" "నీకు భయమేసినప్పుడు పక్కన ఎవరున్నారు?" అమెరికాలో జెఫ్రీ ఫ్రో బృందం 2014లో ప్రచురించిన పరిశోధన ఒకటి ఇక్కడ బాగా పనికొస్తుంది. అందులో 8–11 ఏళ్ల పిల్లలకు మూడు సంగతులు గమనించడం నేర్పారు: ఎదుటి మనిషి కావాలనే చేశాడా, అందుకు తను ఏం వదులుకున్నాడు, దానివల్ల నాకేం మేలు జరిగింది. అలా నేర్చుకున్న పిల్లలు మిగతావాళ్లకన్నా ఎక్కువ థాంక్యూ కార్డులు రాశారు. ఇంట్లో ఆ మూడింటినీ పాఠంలా చెప్పనక్కర్లేదు, మాటల్లో కలిపేయొచ్చు.

ఉదాహరణకు పిల్ల "బాబాయ్" అని రాసిందనుకోండి.

"బాబాయ్ ఏం చేశాడు?"

"సైకిల్ చైన్ పెట్టాడు."

"అప్పుడు బాబాయ్ ఏం చేస్తున్నాడు?"

"ఆఫీసుకు వెళ్తున్నాడు. తెల్ల చొక్కా. చేతికంతా గ్రీజు అంటింది."

అంతే, ఆ చివరి మాటే రాయమనండి: "బాబాయ్ ఆఫీసుకెళ్తూ ఆగి నా సైకిల్ చైన్ పెట్టాడు. చేతికి గ్రీజు అంటింది." కింద "నువ్వు చాలా మంచివాడివి" అని మీరు చేర్పించకండి, ఆ వాక్యం గాలి తీసేసినట్టవుతుంది. ఒక ఆకుకు రెండు అదనపు ప్రశ్నలు, అంతకు మించి వద్దు. మూడో ప్రశ్నకు అది విచారణ అయిపోతుంది.

నాలుగేళ్ల బిడ్డ చెబుతుంటే మీరు రాయండి, కానీ చెప్పింది చెప్పినట్టే రాయండి. "తాతయ్య నన్ను ఎత్తుకుంటే ఫ్యాన్ దగ్గరగా ఉంటది" అంటే దాన్ని "తాతయ్య ప్రేమకు కృతజ్ఞతలు" చేసే హక్కు ఎవరికీ లేదు. ఏడేళ్ల పిల్ల రాతలో గుణింతం తప్పులు అలాగే ఉండనివ్వండి. దిద్దడం మొదలుపెడితే, వాళ్లు రాయగలిగిన పదాలతోనే ఆలోచించడం మొదలుపెడతారు, మళ్లీ "అమ్మ, నాన్న" దగ్గరికే వస్తారు. పదేళ్లవాడు అందరి ముందు చదివితే నవ్వుతారేమోనని జంకుతాడు. వాడికి ఆకును మడిచి మూసే వీలివ్వండి, రెండింతలు పొడవున్న ఆకును మధ్యకు మడిస్తే సరి. ఎవరికి రాశాడో వాళ్లే విప్పి చదువుకుంటారు.

ఎవరైనా వీడియో గేమ్ అని రాస్తే రాయనివ్వండి. "అది నీకు ఎవరు కొనిచ్చారు, ఎవరితో ఆడతావు?" అని ఒక్కసారి అడిగి, రాకపోతే వదిలేయండి. ఇంట్లో ఈమధ్యే ఎవరైనా పోయి ఉంటే పిల్లలు ఆ పేరు రాసే అవకాశం ఎక్కువ. ఆ ఆకును తీసేయకండి, కానీ టేబుల్ దగ్గర అకస్మాత్తుగా ఎవరి చేతికీ వెళ్లకుండా, ముందుగానే ఆ మనిషికి దగ్గరివాళ్లకు చూపించి వాళ్లు ఏమంటారో కనుక్కోండి.

అన్నీ ఒకే విడతలో కూర్చోబెట్టి రాయించొద్దు. నాలుగేళ్ల పిల్లలతో పది, పదిహేను నిమిషాలు దాటితే ఆకులు విమానాలవుతాయి. కోత ఒకరోజు, రాత మరో రోజు. ఆకులు, పెన్ను ఒక పళ్లెంలో పెట్టి అందేచోట ఉంచితే మధ్యమధ్యలో వాళ్లే వచ్చి రాస్తారు, అలా రాసినవే బాగుంటాయి.

పండగ రోజు పిల్లలకు ఒకే పని: వచ్చినవాళ్లకు తలా ఒక ఖాళీ ఆకు, పెన్ను ఇవ్వడం. ఇది తలుపు దగ్గరే జరగాలి. భోజనానికి కూర్చున్నాక ఇస్తే చేతులు ఖాళీ ఉండవు, రాత ఎవరికీ గుర్తుండదు. చదవడం వడ్డన పూర్తయి అందరూ కూర్చున్నాక. తనది కాని ఆకు ఒకటి తీసి చదవమనండి. అందుకోసం చెట్టు మీదికి అందరూ వంగకుండా, పెద్ద పిల్లాడు ఆకులు తీసి అందించాలి. ఇందాక చెప్పిన చేతుల గండం అలా తప్పుతుంది. పన్నెండు ఆకులకు ఐదారు నిమిషాలు పడుతుంది, మిగతావి చెట్టు మీదే ఉండనివ్వండి. ఎవరి పేరూ ఒక్క ఆకు మీదైనా లేకుండా పోకూడదు. ముందు రోజు రాత్రి మీరు ఒకసారి లెక్క చూసుకుని, పేరు రాని మనిషి గురించి పిల్లలను అడగండి: "అత్త మనింటికి వచ్చినప్పుడు ఏం చేసింది, గుర్తుందా?"

కొవ్వొత్తి ఈ చెట్టు దగ్గరికి రానివ్వొద్దు. ఎండుకొమ్మ, కాగితం, నూలు దారం, మూడూ అంటుకునేవే. వెలుగు కావాలంటే బ్యాటరీ సీరియల్ లైట్లు చుట్టండి, పెన్సిల్ సెల్స్ వేసే రకం తీసుకోండి. నాణెంలాంటి బటన్ సెల్ ఉన్నవైతే మూతకు స్క్రూ ఉండాలి. ఆ సెల్ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. మీ ముగ్గురు పిల్లలూ మూడేళ్లు దాటినవాళ్లే అయినా, వచ్చేవాళ్లలో మూడేళ్లలోపు బిడ్డ ఉంటే కుండీలో పైవరుస రాళ్లు కూడా మార్చండి. టాయిలెట్ పేపర్ రోల్ గొట్టంలో పట్టే రాయి ఏదైనా ఆ వయసు గొంతుకు అడ్డుపడగలదు. అంతకన్నా పెద్ద రాళ్లు పేర్చండి.

అయిపోయాక ఆకులను దారాలు తీసి, వెనక సంవత్సరం, రాసినవారి పేరు, పిల్లలదైతే వయసు రాసి కవర్లో పరిచినట్టు పెట్టుకోండి. స్కెచ్ పెన్ రంగు వెలుతురుకు వెలిసిపోతుంది కాబట్టి గోడకు అంటించడం కన్నా ఇదే నయం. దిమ్మ, కొమ్మలు వచ్చేసారికి కూడా పనికొస్తాయి. కొమ్మ వదులైతే కన్నంలో రెండు చుక్కల తెల్ల జిగురు వేసి, అగ్గిపుల్ల ముక్క దూర్చి బిగించండి.